గోడకి తగిలించే బైబిల్ మ్యాప్: ఏడాది వాడాక

గుంటూరు బ్రాడీపేటలో క్రైస్తవ పుస్తకాలు అమ్మే ఒక షాపులో కిందటేడు జూన్‌లో ఈ మ్యాప్ కొన్నాను. లామినేషన్‌తో 850 రూపాయలు. వెంట ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. మా సండేస్కూల్ హాల్లో తగిలించాం. ఆఖరి వరసలో కూర్చున్న పిల్లలకి కూడా పేర్లు బాగా కనబడుతున్నాయి.

ముందు మంచి చెప్తాను. పేర్లన్నీ మన తెలుగు బైబిల్లో ఉన్నట్టే వేశారు. ఇది చిన్న విషయం కాదు. అబ్రాహాము "కల్దీయుల ఊరు" నుంచి బయలుదేరాడు అని చదివినప్పుడల్లా "ఏ ఊరు టీచర్?" అని అడిగేవాళ్ళు. ఊరు అన్నదే ఆ పట్టణం పేరని ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కేది కాదు. ఇరాక్ దక్షిణాన ఆ చుక్క, పక్కనే తెల్ ఎల్ ముఖయ్యర్ అన్న ఇప్పటి పేరు చూశాక మళ్ళీ ఎవరూ అడగలేదు. స్కేలు చూసి దారంతో కొలిపిస్తే యెరూషలేము నుంచి లాకీషు సుమారు 40 కిలోమీటర్లు వచ్చింది. "అంటే బెజవాడ దాటి ఇంకాస్త ముందుకా!" అన్నాడొక అబ్బాయి.

నాకు నచ్చనిది ఒక్కటే, కానీ పెద్దది. ఖాయంగా తేలిన చోటైనా, ఇంకా వాదనలో ఉన్న చోటైనా, అన్ని ఊళ్ళకీ ఒకేలాంటి ఎర్ర చుక్క పెట్టారు.

బైబిల్లోని గిబియోను పట్టణం సంగతి చూడండి. దాని చోటు ఖాయంగా తేలింది. 1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికా బైబిల్ పండితుడు యెరూషలేము దగ్గరి కొండల్లో తిరుగుతూ అక్కడి అరబ్బు పల్లెల పేర్లలో పాత పేర్లు వెతికాడు. ఎల్ జీబ్ అన్న పల్లె దగ్గర ఇదే గిబియోను అన్నాడు. మన పెదవేగి పేరులో వేంగి మిగిలినట్టే. అయినా అప్పటికి అది ఊహే. 1956లో ప్రిచర్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకం మొదలుపెట్టాడు. రాతిని తొలిచి కట్టిన పెద్ద గుండ్రటి కొలను బయటపడింది, దిగడానికి 79 మెట్లు. దాంట్లో పూడిన మట్టిలో జాడీల పిడులు దొరికాయి, 31 పిడుల మీద హెబ్రీ అక్షరాల్లో గిబియోను అనే చెక్కి ఉంది. సౌలు సేనాపతి అబ్నేరు మనుషులు ఒక ఒడ్డున, దావీదు వైపు యోవాబు మనుషులు ఇంకో ఒడ్డున కూర్చున్న కొలను కథ రెండో సమూయేలులో ఉంది కదా. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

యెహోషువ పట్టుకున్నాడని బైబిల్ చెప్పే హాయి పట్టణానికీ అదే చుక్క! ఎత్ తెల్ అన్న దిబ్బని హాయి అని చాలామంది అన్నారు. తవ్వి చూస్తే క్రీ.పూ. 2400 నుంచి 1200 దాకా, అటూ ఇటూగా, అక్కడ ఎవరూ కాపురం లేరని తేలింది. యెహోషువ వచ్చిన కాలాన్ని పండితులు ఎక్కడ పెట్టినా ఆ ఖాళీలోనే పడుతుంది. అందుకే కొందరు దగ్గర్లోని ఖిర్బెత్ ఎల్ మకాతిర్ అంటున్నారు. వాదన ఇంకా తెగలేదు. సొదొమ కూడా అంతే, మృత సముద్రానికి దక్షిణాన అని కొందరు, ఈశాన్యాన అని కొందరు. ఈ మ్యాప్ మాత్రం దక్షిణాన చుక్క పెట్టేసి ఊరుకుంది. పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

లాకీషు విషయంలో పేరున్న పండితులే పొరబడ్డారు. 1890లో పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ తెల్ ఎల్ హెసీ అన్న దిబ్బని తవ్వుతూ అదే లాకీషు అనుకున్నాడు. అసలు చోటు తెల్ ఎద్ దువేర్ అన్న ఇంకో దిబ్బ అని 1929లో ఆల్‌బ్రైట్ అనే మరో పురావస్తు శాస్త్రవేత్త చెప్పాడు.

ఇవి చెప్తే పిల్లల విశ్వాసం సడలుతుందని ఒకరిద్దరు సంఘ పెద్దలు టెన్షన్ పడ్డారు. నాకు ఆ భయం లేదు. తేలనిదాన్ని తేలినట్టు నేర్పితేనే పిల్లలు పెద్దయ్యాక మనల్ని నమ్మరు. అందుకే స్టేషనరీ షాపులో రంగు స్టిక్కర్లు కొని, ఖాయమైనవాటికి పచ్చవి, వాదనలో ఉన్నవాటికి పసుపువి పిల్లల చేతే అంటించాను. హాయి మీద పసుపుది అంటించిన అమ్మాయి, "ఎప్పుడు పచ్చది పెడదాం టీచర్?" అని ఇప్పటికీ అడుగుతుంది.

కొనండి, ఈ ధరకి తెలుగులో ఇంత పెద్ద మ్యాప్ నాకు ఇంకెక్కడా దొరకలేదు. లామినేషన్ మాత్రం వద్దు. ట్యూబ్‌లైట్ పడి గలిలయ ప్రాంతమంతా మెరిసిపోతుంది, పెన్సిల్ గీత నిలవదు. మామూలు కాగితంది 600కే ఇస్తారు, అడిగితే లోపల్నుంచి తెస్తారు.