పొరపాటు కాపీరైట్ తొలగింపు: ఫిర్యాదుదారును అడగడమా, కౌంటర్ నోటిఫికేషన్ పంపడమా?

సొంతంగా తయారుచేసుకున్న వీడియోనో వ్యాసాన్నో కాపీరైట్ ఫిర్యాదు అందిందంటూ తొలగించినప్పుడు, అమెరికా 1998లో తెచ్చిన డీఎంసీఏ (డిజిటల్ కాపీరైట్) చట్టాన్ని అనుసరించే వేదికల్లో ప్రధానంగా రెండు దారులుంటాయి. ఫిర్యాదు చేసినవారినే అడిగి దాన్ని ఉపసంహరింపజేయడం ఒకటి, తొలగింపు పొరపాటని చెబుతూ వేదికకు కౌంటర్ నోటిఫికేషన్ అనే అధికారిక జవాబు పంపడం మరొకటి. (హక్కుదారుల కంటెంట్‌తో వీడియోలను యంత్రమే పోల్చి పెట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ క్లెయిమ్ సంగతి వేరు. అక్కడ ముందుగా డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టాలి. క్లెయిమ్ చేసినవారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువుంటుంది.)

ఫిర్యాదుదారు ఊరూ పేరూ ఉన్న సంస్థ అయి, జరిగింది నిజంగా పొరపాటే అయితే మొదటి దారే మేలు. లైసెన్సు కొనుక్కున్న నేపథ్య సంగీతం మీద వచ్చిన తగాదానే తీసుకుందాం. లైసెన్సు రసీదు జతచేసి, వీడియోలో ఆ సంగీతం ఏ నిమిషంలో మొదలై ఎక్కడ ముగుస్తుందో చెబుతూ నాలుగు వాక్యాల మెయిల్ పంపితే సరిపోవచ్చు. ఉపసంహరణతో ఖాతాపై పడిన స్ట్రైక్ (ఉల్లంఘన గుర్తు) కూడా పోతుంది. అయితే జవాబివ్వాలన్న నిర్బంధం అవతలివారికి లేదు.

కౌంటర్ నోటిఫికేషన్‌కు గడువే బలం. అది అందాక ఫిర్యాదుదారు దావా వేయకపోతే, వేదిక తన చట్టపరమైన రక్షణను నిలుపుకోవడానికి 10 నుంచి 14 పనిదినాల్లోపు ఆ అంశాన్ని పునరుద్ధరించాలని డీఎంసీఏ తెచ్చిన 512వ సెక్షన్ చెబుతోంది. కానీ అందులో అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. తొలగింపు పొరపాటున జరిగిందని నమ్ముతున్నట్టు, అబద్ధమైతే శిక్షకు లోబడతామంటూ ప్రకటించాలి. అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి అంగీకరించాలి. పైగా దాని నకలు ఫిర్యాదుదారుకు చేరుతుంది. ఇది చిన్న విషయం కాదు. తప్పుడు ఫిర్యాదులతో డబ్బు గుంజజూశాడంటూ 2019లో యూట్యూబ్ ఒకరిపై దావా వేసినప్పుడు, ఇలా దొరికిన చిరునామాను దుర్వినియోగం చేశాడన్న ఆరోపణ కూడా అందులో ఉంది.

కాబట్టి ఆకాశరామన్న ఫిర్యాదుల విషయంలో నాకు రెండో దారే సరైనదనిపిస్తుంది, కానీ కలం పేరుతో రాసేవారు దాన్ని న్యాయవాది ద్వారా పంపడం క్షేమం. విమర్శ కోసం కొంత భాగాన్ని వాడుకున్న చోట పరిస్థితి మరింత చిక్కు. ఫిర్యాదుకు ముందు ఫెయిర్ యూజ్‌ను (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే న్యాయమైన వాడకాన్ని) పరిశీలించాలని అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2015లో తేల్చినా, అభిప్రాయభేదమున్న ఫిర్యాదుదారు మెయిల్‌కు మెత్తబడటం అరుదు. అక్కడ కౌంటర్ నోటిఫికేషనే మిగులుతుంది, దావా ఎదుర్కొనే సంసిద్ధత ఉంటేనే.