కణితి రక్తనాళాలను ఆపే మందుల కోసం జీబ్రా చేప: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కొత్త మందు అణువు రక్తనాళాల పెరుగుదలను ఆపుతుందా లేదా అన్నది మొదట దేని మీద చూడాలని ల్యాబ్‌లో చేరిన విద్యార్థులు అడుగుతుంటారు. జీబ్రా చేప పిండం మీద చూడమంటాను. హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, ఆ సలహా మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. కాకపోతే దాని మాట ఎంతవరకు నమ్మాలో తెలిసి వాడాలి.

కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలి. వాటిని రానివ్వకపోతే కణితిని అదుపు చేయవచ్చని అమెరికా వైద్యుడు జుడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. అలాంటి మందులను పరీక్షించడానికి మనిషి రక్తనాళాల కణాలను జెల్ మీద పెంచే పద్ధతి ఉంది, కోడిగుడ్డు పొర ఉంది, ఎలుకలు ఉన్నాయి. జెల్ మీద కణాలకు గుండె లేదు, రక్తప్రవాహం లేదు. ఎలుకలకు వారాలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే, మందు కూడా చాలా కావాలి. కొత్తగా తయారైన అణువు మన చేతికి వచ్చేది ఒక్కోసారి కొన్ని మిల్లీగ్రాములే.

చేప దగ్గర ఈ ఇబ్బందులు చాలావరకు తీరిపోతాయి. సాయంత్రం మగ, ఆడ చేపల మధ్య అడ్డు పెట్టి, పొద్దున లైట్లు వెలగగానే తీసేస్తే కాసేపట్లో గుడ్లు పెడతాయి. ఒక్క జంట నుంచే వంద, రెండు వందల గుడ్లు రావచ్చు. 28.5 డిగ్రీల నీళ్లలో ఒక రోజుకే గుండె కొట్టుకుంటుంది. రెండో రోజు ముగిసేసరికి వెన్ను పొడవునా కండరాల మధ్య నుంచి పైకి లేచే సన్నని నాళాలు వరుసగా పూర్తవుతాయి. 2002లో లాసన్, వైన్‌స్టైన్ తయారుచేసిన ఫ్లి1 అనే జన్యుమార్పిడి చేపల్లో ఈ నాళాలన్నీ ఆకుపచ్చగా వెలుగుతాయి. పిండం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కోయకుండానే, బతికుండగానే చూడొచ్చు. ఒంటి మీద రంగు ఏర్పడకుండా నీళ్లలో పీటీయూ అనే రసాయనం కొంచెం కలుపుతాం. మొదటిసారి మైక్రోస్కోప్‌లో ఆ పచ్చని వరుస చూసినప్పటి ఆనందం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇంకో పెద్ద మేలు ఉంది. ఈ వయసు పిండానికి కావలసిన ఆక్సిజన్ చర్మం గుండానే అందుతుంది. నాళాలు పూర్తిగా ఆగిపోయినా అది కొన్ని రోజులు బతుకుతుంది, కాబట్టి మందు ప్రభావం మొత్తం చూడగలం. 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్‌లో పిండాలను సర్ది, అవి ఉన్న నీళ్లలోనే మందు కలిపితే చాలు. 2007లో ట్రాన్ బృందం ఇలాగే 1,280 రసాయనాలను ఆటోమేటిక్ పద్ధతిలో వడపోసి, ఇండిరుబిన్-3′-మోనాక్సైమ్ నాళాల పెరుగుదలను ఆపుతుందని కనిపెట్టింది.

ఇక ఇబ్బందులు. ఎక్కువ టెన్షన్ పెట్టేది తప్పుడు ఫలితం. పిండం ఎదుగుదలే మందగిస్తే నాళాలూ పొట్టిగానే కనిపిస్తాయి. పిండం ఎంత ఎదిగిందో చెప్పే వెన్ను ఖండాలు లెక్కపెట్టకుండా, గుండె వేగం, శరీరం పొడవు, గుండె చుట్టూ నీరు చేరిందా అన్నవి చూడకుండా ఫలానాది నాళాలను ఆపిందని రాసేస్తే అది విషమో మందో తేలదు. పేపర్లలో నాళాల ఫొటో మాత్రమే ఇచ్చి మొత్తం పిండం ఫొటో ఇవ్వకపోతే నాకు నమ్మకం కుదరదు. మందును కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ మాత్రమే కలిపిన పిండాల వరుస పోలికకు పక్కనే ఉండాలి.

నీళ్లలో కలిపిన డోసు పిండం లోపలికి ఎంత వెళ్లిందో మైక్రోస్కోప్ చెప్పదు. నీళ్లలో తేలిగ్గా కరిగే అణువులు చాలాసార్లు చర్మం దాటవు. యాంటీబాడీల లాంటి పెద్దవైతే ఇంజెక్ట్ చేయాల్సిందే. ఏ ప్రభావమూ కనిపించలేదని మంచి అణువును పక్కన పడేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైన లోటు మరొకటి. పిండంలో క్రమంగా పెరిగే నాళం, కణితిలో వంకరటింకరగా, కారుతూ పెరిగే నాళం ఒకటి కావు. ఎస్‌యూ5416, వటలానిబ్ అనే మందులు రెండూ చేపలో నాళాలను చక్కగా ఆపుతాయి. మనుషుల్లో మాత్రం ఎస్‌యూ5416 ప్రయోగాలు 2002లో ఆగిపోయాయి. పెద్దపేగు క్యాన్సర్ మీద జరిగిన మూడో దశ పరీక్షల్లో వటలానిబ్ రోగుల ఆయుష్షును పెంచలేకపోయింది. చేప అబద్ధం చెప్పిందని నేను అనను. నాళాలను పెరగమని చెప్పే ప్రోటీన్ వీఈజీఎఫ్ దారి మూసుకుంటుందా అన్న ప్రశ్నకు అది సరైన జవాబే ఇచ్చింది. ఒక దారి మూస్తే కణితి మరో దారి వెతుక్కుంటుందా అన్నది ఆ పరీక్షలో మనం అడగనే లేదు.

అందుకే మొదటి వడపోతలో నిలిచినవాటికి కణితి కణాల పరీక్ష కూడా తప్పనిసరి అంటాను. ఇటలీలోని బ్రెషియాలో నికోలి, ప్రెస్టా 2007లో చూపిన పద్ధతి ఇది. రెండు రోజుల పిండంలో పచ్చసొన సంచి పక్కన కణితి కణాలను ఇంజెక్ట్ చేస్తే, దగ్గరలోని పేగు నాళాల నుంచి ఒకటి రెండు రోజుల్లోనే కొత్త కొమ్మలు అటు సాగుతాయి. ఈ వయసులో అలవడే రోగనిరోధక శక్తి ఇంకా రాదు కాబట్టి పిండం మనిషి కణాలను తిప్పికొట్టదు. కష్టమంతా వేడి దగ్గరే. మనిషి కణాలకు 37 డిగ్రీలు కావాలి, చేపకు 28.5. మేం 34 దగ్గర ఉంచుతాం, రెండింటికీ కొంత ఒత్తిడే. ఇంజెక్షన్‌కు చేయి కుదరాలి. వేసిన కణాల సంఖ్య పిండం పిండానికీ మారితే పోలికే చెడిపోతుంది.

గుడ్లు చవకే గానీ ఫ్లోరసెంట్ మైక్రోస్కోప్, నీటి శుద్ధి, రోజూ ఆర్టీమియా (రొయ్యల్లాంటి సన్నని జీవులు) మేత, సెలవు రోజుల్లోనూ చేపలను చూసుకునే మనిషి, ఇవన్నీ కలిపితే ఖర్చు చిన్నదేమీ కాదు. అక్వేరియం షాపు చేపలతో పని జరగదు, వంశం తెలిసిన ఆరోగ్యమైన చేపలే కావాలి. మొదలుపెట్టేవాళ్లు సొంత అణువుల జోలికి వెళ్లేముందు ప్రతి ప్లేట్‌లో ఎస్‌యూ5416 వరుస ఒకటి పెట్టండి. అక్కడ నాళాలు ఆగకపోతే ఆ రోజు ప్లేట్ మొత్తం పారేయండి.