డైరెక్ట్ ఫ్లైటా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానా? రెండూ ఎక్కినవాడి మాట

నేనుండేది పోలండ్‌లోని క్రాకోవ్‌లో. మొన్న ఫ్రెండ్ పెళ్ళికి మిలాన్ వెళ్ళాల్సొచ్చింది. డైరెక్ట్ ఫ్లైట్ అయితే రెండు గంటల్లోపే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారితే సగం రోజు పోతుంది, టికెట్ కూడా రెండింతల పైమాటే. ఇంక ఆలోచించేదేముంది, డైరెక్టే కొన్నాను. కంపెనీ పేరు వద్దులెండి, సీటు కింద పట్టే చిన్న బ్యాగ్ ఒక్కటే ఫ్రీ ఇచ్చే రకం. ఆన్‌లైన్‌లో చెకిన్ అయిపోయింది కదా అని నేరుగా గేటు దగ్గరికి వెళ్తే, ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టి కౌంటర్లో వీసా చెక్ ముద్ర వేయించుకు రమ్మని వెనక్కి పంపారు. మిలాన్ అని అమ్మారు గానీ దించింది బెర్గామోలో, అక్కణ్ణుంచి ఊళ్ళోకి బస్సులో ఇంకో గంట. అయినా ఆ ధరకి నాకు ఓకే.

తిరిగొచ్చేటప్పుడు అసలు కథ. రాత్రి ఫ్లైట్ క్యాన్సిల్, వాళ్ళ తర్వాతి ఫ్లైట్ రెండ్రోజులకి! ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి పెద్ద హబ్ (నలుమూలల విమానాలు కలిసే ఎయిర్‌పోర్ట్) అయితే ఒకటి పోయినా ఇంకో ఊరి మీదుగా తిప్పి పంపడానికి రోజంతా విమానాలుంటాయి. ఇక్కడ ఉన్నదే ఒక్క దారి. యూరప్‌లో 261 నంబర్ రూల్ ప్రకారం హోటల్, భోజనం ఖర్చు కంపెనీవాళ్ళే భరించాలి, తప్పు వాళ్ళదైతే 1500 కిలోమీటర్లలోపు దూరానికి 250 యూరోల పరిహారం కూడా. హోటల్ డబ్బులు ముందు నేనే కట్టుకుని, రసీదులు పంపి, నెలన్నర వెంటపడితే గానీ రాలేదు.

అయినా యూరప్ లోపల మళ్ళీ డైరెక్టే ఎక్కుతాను, కాకపోతే ఆఫీసుకి ముందురోజు రాత్రి ఫ్లైట్ మాత్రం పెట్టుకోను. హైదరాబాద్ ప్రయాణం వేరే లెక్క, అది ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానే. ఎయిర్‌బస్ ఎ321ఎక్స్ఎల్ఆర్ చిన్న విమానమే అయినా 8,700 కిలోమీటర్లు ఎగురుతుంది, ఇండిగో కూడా ఆర్డర్ పెట్టింది, హైదరాబాద్ నుంచి క్రాకోవ్‌కి ఆ దూరం చాలు. కానీ రోజూ దాన్ని నింపేంత మంది తెలుగువాళ్ళం ఇక్కడ ఎక్కడున్నాం? హైదరాబాద్-ఫ్రాంక్‌ఫర్ట్ విమానంలో మాతోపాటు లిస్బన్‌కి, ఓస్లోకి, చికాగోకి పోయేవాళ్ళూ ఎక్కుతారు కాబట్టే అది నిండుతుంది.

కొంతమంది ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒక టికెట్, అక్కణ్ణుంచి చౌక ఫ్లైట్‌కి విడిగా ఇంకోటి కొంటుంటారు. మొదటిది లేటైతే రెండోవాళ్ళకి సంబంధం లేదు, సామాను తీసుకుని మళ్ళీ చెకిన్ చేయాలి, పైగా ఆ చౌక ఫ్లైట్ ‘ఫ్రాంక్‌ఫర్ట్ హాన్’ అనే ఇంకో ఎయిర్‌పోర్ట్ నుంచైతే అది ఫ్రాంక్‌ఫర్ట్‌కి 120 కిలోమీటర్ల అవతల.

వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. మొత్తం ఒకే టికెట్, సూట్‌కేసులు నేరుగా క్రాకోవ్‌కే, మధ్యలో మూడు గంటల టైమ్. అమ్మకి వీల్‌చెయిర్ కూడా పెట్టించాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, ఆ ఎయిర్‌పోర్ట్‌లో దారి చూపించే మనిషి కోసం.