లింకన్‌లో ఒక డాబా ఇల్లు

అమ్మా నాన్నా అమెరికా వచ్చి మూడు నెలలైంది. నయాగరా అయింది, న్యూయార్క్ అయింది, వాషింగ్టన్ అయింది. మిగిలింది బోస్టన్. మేముండే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కారులో నాలుగున్నర, ఐదు గంటలు. హార్వర్డ్ గేటు ముందు ఫొటో దిగి, క్లామ్ చౌడర్ అనే ఆల్చిప్పల సూపు వాసన చూసి వచ్చేద్దామని మా ఆయన ప్లాన్. నేను పట్టుబట్టి మధ్యలో బోస్టన్ దగ్గరున్న లింకన్ అనే చిన్న ఊరిని కలిపాను. అక్కడ ఒక ఇల్లు చూడాలి.

"ఇల్లు చూడ్డానికి టికెట్టా?" అంది అమ్మ. "కొనేవాళ్లకైతే ఊరికే చూపిస్తారుగా!"

ఆ ఇల్లు వాల్టర్ గ్రోపియస్ అనే ఆర్కిటెక్ట్‌ది. 1919లో జర్మనీలో బౌహౌస్ అనే పేరున్న డిజైన్ స్కూలు పెట్టినాయన. నాజీలు వచ్చాక దేశం వదిలి ఇంగ్లండ్ వెళ్లి, అక్కణ్ణుంచి 1937లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చాడు. హెలెన్ స్టారో అనే సంపన్నురాలు స్థలమూ ఇచ్చి, కట్టుబడికి డబ్బూ పెట్టింది. 1938లో ఆయనా, భార్య ఈజె, పన్నెండేళ్ల కూతురు ఆతి అందులో చేరారు. మొదట అద్దెకు, తర్వాత సొంతానికి. మా ఆయనకు ఈ పేరు ముందే తెలుసు. ఆయన చదివిన ఐఐటీ కాన్పూర్‌ను డిజైన్ చేసిన అచ్యుత్ కన్విందే హార్వర్డ్‌లో ఈయన శిష్యుడే. అందుకే పెద్దగా గొడవ చేయకుండా ఒప్పుకున్నారు.

వెళ్లాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. ఇల్లు ఇప్పుడు హిస్టారిక్ న్యూ ఇంగ్లండ్ సంస్థ చేతిలో ఉంది. వారంలో అన్ని రోజులూ తెరవరు, చలికాలంలో ఇంకా తక్కువ. గైడ్‌తోనే తిరగాలి, మనంతట మనం తిరగడం కుదరదు. గుంపు చిన్నది కాబట్టి టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. మేం శనివారం పదకొండు గంటలకు చేసుకున్నాం. బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి లింకన్‌కు రైలుంది కానీ, స్టేషన్ నుంచి ఇంటికి నడక ఎక్కువ. పెద్దవాళ్లతో అయితే కారే నయం.

టూర్ మొదలయ్యేది కారు షెడ్డులో. అదే ఇప్పుడు టికెట్ల గది. షెడ్డు ఇంటికి దూరంగా, రోడ్డు పక్కనే ఎందుకుందని నాన్న వెంటనే అడిగారు. ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి, ప్రశ్న ఆగదు. షెడ్డు ఇంటి దగ్గర పెడితే చలికాలమంతా పొడుగాటి దారి మీద మంచు ఎత్తిపోయాలి, అందుకని రోడ్డు పక్కన పెట్టాడట. "అదీ బుర్రంటే" అన్నారు నాన్న. అప్పటికి ఇంకా ఇంట్లోకి అడుగే పెట్టలేదు.

నిజం చెప్పాలంటే, దూరం నుంచి చూసి అమ్మ పెదవి విరిచింది. తెల్లటి డబ్బాలా ఉంది, పైన చదును కప్పు. ఆ చుట్టుపక్కలంతా ఏటవాలు కప్పుల ఇళ్లు కాబట్టి అమెరికన్లకు ఇది వింత. మనకేం వింత? అమలాపురంలో మా వీధిలో ఇలాంటివి ఇరవై ఉంటాయి. నాన్న దగ్గరకు వెళ్లి గోడ మీద వేలితో కొట్టి చూశారు. సిమెంటు కాదు, చెక్క! నిలువుగా బిగించిన పలకలకు తెల్లరంగు. రాతి పునాది, ఇటుక పొగగొట్టం, చెక్క గోడలు. అన్నీ ఆ ప్రాంతపు పాత ఇళ్లలో వాడేవే, అమరికే వేరు.

తర్వాత వాననీళ్ల సంగతి. డాబా అంటే అంచున తూములుండాలి, నీళ్లు బయటికి పడాలి. ఇక్కడ ఏ మూలా తూము కనపడదు. కప్పు లోపలి వైపు వాలి, నీళ్లు మధ్యలో ఉన్న రంధ్రంలోంచి ఇంటి లోపలి పైపు గుండా దిగి, బయట నేలలో ఉన్న గుంతలోకి పోతాయని గైడ్ చెప్పింది. నేను తెలుగులో చెబుతుండగానే నాన్న మొహం వెలిగిపోయింది. "మన మండువా లోగిలే కదే ఇది! చివర ఇంకుడు గుంత కూడానూ." ఆయన పుట్టి పెరిగింది మండువా ఇంట్లో. నాలుగు వైపుల నుంచీ వాన నడిమధ్యన పడుతుంటే తాటాకు గొడుగేసుకుని వంటింట్లోకి పోయిన రోజులు గైడ్‌కు చెప్పమన్నారు. చెప్పాను. పాపం, చాలా ఓపిగ్గా వింది. వెనక ఉన్న జంట గడియారం చూసుకున్నారు.

లోపల నాకు నచ్చినవి చిన్న చిన్న విషయాలు. భోజనాల బల్ల మీద సీలింగులోంచి ఒకే దీపం, వెలుతురు సరిగ్గా బల్ల వరకే. భార్యాభర్తలిద్దరూ కూర్చునే ఒకే పొడుగాటి బల్ల, బౌహౌస్‌లో చేయించి తెచ్చుకున్నది. పడకగదికీ బట్టలు మార్చుకునే చోటుకీ మధ్య అద్దం గోడ. రాత్రి పడక చల్లగా ఉంచుకుని, అటు పక్క వెచ్చగా పెట్టుకునేవాళ్లట. దక్షిణం వైపు సన్‌షేడ్ ఎండాకాలం ఎండను ఆపుతుంది, చలికాలంలో కిందికి వాలిన ఎండను లోపలికి రానిస్తుంది. దోమల జాలీ కట్టిన వసారాను గదుల వెలుతురుకు అడ్డం రాకుండా ఇంటి నుంచి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టాడు. ఫర్నిచర్ అంతా వాళ్లు వాడినదే. ఏదో ఒక గదిలోంచి ఈజె కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చేలా ఉంది.

మా చిన్నీకి వచ్చే నెల పదమూడు. ఆతి గది దగ్గర అది కదల్లేదు. నక్షత్రాలు కనపడేలా గాజు కప్పు, నేల మీద ఇసుక, తనకంటూ వేరే గుమ్మం కావాలని ఆ పిల్ల అడిగిందట. ఇసుక, గాజు కుదర్లేదు కానీ మేడ మీద ఆరుబయలు, తోట నుంచి నేరుగా పైకెళ్లే ఇనుప మెలికల మెట్లు మాత్రం ఇచ్చాడు.

"చూశావా, వాళ్ల నాన్న ఇచ్చాడు" అంది చిన్నీ.

"బాగానే ఉంది. పిల్ల ఏ అర్ధరాత్రి వచ్చిందో తల్లికెలా తెలుస్తుంది?" అంది అమ్మమ్మ.

ఈ గొడవ ఎడిసన్ దాకా సాగింది.

ఒక్క లోటు: పై అంతస్తుకు మెట్లెక్కాల్సిందే. అమ్మ మోకాళ్లకు కష్టమైంది. గంట సేపు నిలబడే ఉండాలి, సామాన్లు మ్యూజియంవి కాబట్టి కుర్చీల్లో కూర్చోకూడదు. కుర్చీలన్నీ ఎదురుగా ఊరిస్తుంటాయి.

అక్కణ్ణుంచి కారులో ఐదు నిమిషాల్లో వాల్డెన్ పాండ్ అనే చెరువు. 1845లో థోరో అనే అమెరికన్ రచయిత అక్కడ సొంత చేతులతో గుడిసె కట్టుకుని రెండేళ్లకు పైగా ఉన్నాడు. దాని నమూనా పార్కింగ్ పక్కనే ఉంది. 10 అడుగులకు 15 అడుగులు, మంచం, బల్ల, మూడు కుర్చీలు. పది నిమిషాల్లో అయిపోతుంది. బయటి రాష్ట్రం నంబరు ప్లేటుకు పార్కింగ్ 30 డాలర్లు, లోకల్ వాళ్లకు 8. ఈ తేడా నాకు మింగుడుపడలేదు. ఎండాకాలం శని ఆదివారాల్లో నిండిపోతే కార్లను రానివ్వరు, కాబట్టి పొద్దున్నే దీనికి వెళ్లి తర్వాత ఇల్లు చూడటం మేలు. మేం ఉల్టా చేసి అరగంట కారులో కూర్చున్నాం. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లడం వల్ల బతికాం.

బస గురించి చెప్పకపోవడమే మంచిది, అయినా చెబుతాను. హైవే పక్కన ఒక మోటెల్. పక్కపక్క గదులు అడిగితే ఒకటి కింద, ఒకటి పైన ఇచ్చారు, లిఫ్ట్ లేదు. ఫోన్లో "తప్పకుండా" అన్న మనిషి డ్యూటీలో లేడట. డబ్బులు ఎక్కువైనా లిఫ్ట్ ఉన్న హోటల్ చూసుకోండి.

ఆదివారం తెల్లారేసరికి జోరువాన. యాష్‌లాండ్ లక్ష్మీ గుడికి వెళ్లి ఇంటిదారి పట్టాలని అనుకున్నాం. నాన్న కిటికీ దగ్గర నిలబడి, "ఆ ఇంటి మీదుగా పోతే?" అన్నారు.

"ఇవాళ టికెట్ లేదు మావయ్యగారూ" అన్నారు మా ఆయన.

"లోపలికొద్దు. ఇంత వాన పడుతుంటే గోడలు ఎలా ఉన్నాయో రోడ్డు మీంచి చూద్దామని."

అమ్మ అప్పటికే బ్యాగులు కారులో పెట్టించేసింది.