అప్‌డేట్ మధ్యలో ఆగిన ప్రింటర్: ఇంట్లోనే చూసుకోవాలా, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలా?

ప్రింటర్ ఫర్మ్‌వేర్ (దాన్ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే లైటు మిణుకుమంటోంది, స్క్రీన్ మీద ఒక్క అక్షరం లేదు. పోయిన నెల మా ఇంట్లో ఇదే టెన్షన్.

ఖర్చు: ఇంట్లో అయితే యూఎస్‌బీ కేబుల్ చాలు. సెంటర్‌లో వారంటీ ఉంటే సరే. లేకపోతే చూసినందుకే ఛార్జీ. లోపలి సర్క్యూట్ బోర్డు మార్చాలంటే, చవక ప్రింటర్‌కి అంత పెట్టడం దండగ.

శ్రమ: సెంటర్‌కైతే మోసుకెళ్లి ఇవ్వడమే. ఇంట్లో అయితేనే ఓపిక కావాలి. ప్లగ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. వైఫై వదిలేసి కేబుల్‌తో కలపండి. మళ్లీ ఎక్కించడానికి కంపెనీ సైట్ నుంచి సరిగ్గా మీ మోడల్ ఫర్మ్‌వేర్ ఫైలే దించుకోండి. వెనక స్టిక్కర్ మీద నంబరు చివరి అక్షరం దాకా సరిచూడండి. నేను మొదటిసారి తప్పింది అక్కడే.

రిస్క్: మళ్లీ కరెంటు పోవడం. ఇంక్‌జెట్‌నైతే యూపీఎస్‌కి తగిలించవచ్చు. లేజర్‌ని మాత్రం చిన్న యూపీఎస్‌కి పెట్టకండి, వేడెక్కేటప్పుడు అది చాలా కరెంటు లాగుతుంది.

కేబుల్ పెట్టగానే కంప్యూటర్ ప్రింటర్‌ని గుర్తిస్తే ఇంట్లోనే ప్రయత్నించండి. అసలు గుర్తించకపోయినా, వారంటీ ఇంకా ఉన్నా నేరుగా సెంటర్‌కే.