ముత్తాతని అధికారిని చేసిన ఫ్రేము, కల్లుపాక దాకా తీసుకెళ్లిన చీపురుపుల్ల

ముందు ఖర్చు చెప్తాను. ముప్పై ఏళ్లు సహకార బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని, ఆ బుద్ధి పోదు. వంశవృక్షం తయారుచేసిచ్చే ఓ ఆన్‌లైన్ సంస్థకి 7,500 కట్టాను. గుంటూరులో ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎదురుగా, జెరాక్స్ కొట్టు అరుగు మీద కూర్చుని పాత దస్తావేజులు చదివిపెట్టే పెద్దాయనకి 600 ఇచ్చాను. ఇద్దరికీ చూపించినవి ఆ మూడు కాగితాలే.

సంగడిగుంటలో నాన్నగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున దొరికాయవి. ఆరో జార్జి తలబొమ్మ ఉన్న స్టాంపు కాగితాలు. రాత గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే కరణాల రాత అది. ఏ దీర్ఘం ఏ అక్షరానిదో నాకు అంతుపట్టలేదు. ముత్తాత పేరు ఒక్కటే పట్టుకోగలిగాను.

ముత్తాత గురించి ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మాట. "గాంధీగారి వల్లే మనం దిగిపోయాం" అనేది నాన్నమ్మ. ఉద్యమం కోసం ఉన్నదంతా వదులుకున్నాడు కాబోలు అనుకున్నాం. స్కూల్లో ఆగస్టు 15న మా అన్నయ్య ఈ సంగతి మైకులో కూడా చెప్పాడు.

ఆన్‌లైన్ సంస్థ వాళ్లు ఐదు వారాలకి ఫ్రేము పంపారు. బంగారు రంగు అంచు, మర్రిచెట్టు బొమ్మ, ఊడల చివర మా పేర్లు. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. ముత్తాత పేరు కింద "ప్రభుత్వ అధికారి. స్వాతంత్ర్య సమరంలో త్యాగం చేసినవారు. ఆస్తి రూ.41,280" అని రాశారు. త్యాగం మాట మేం ఫారంలో నింపిందే, మళ్లీ మాకే అమ్మారు. అధికారి అనేసరికి ఫ్యామిలీ గ్రూపులో దండాలే దండాలు.

నాకు మాత్రం అంకె దగ్గర కాలు అడ్డం పడింది. 1939లో నలభై ఒక్క వేలున్నవాడి మనవడు సంగడిగుంటలో రెండు గదుల్లో అద్దెకెందుకుంటాడు? భూతద్దం పెట్టి చూస్తే అక్కడున్నది 412-8-0. నాలుగు వందల పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు. 1957లో నయాపైసలు వచ్చేదాకా లెక్క అలాగే రాసేవాళ్లు. మధ్య గీతలు తీసేసి అంకెలు అంటించేశారు మహానుభావులు. ఫోన్ చేస్తే మా నిపుణులు చూశారు మేడమ్ అన్నారు. మళ్లీ చూడాలంటే ఇంకో 1,500 అట.

అప్పుడు వెళ్లాను పెద్దాయన దగ్గరికి. కరణాల ఇంటివాడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల పదవులు తీసేశాక దస్తావేజు లేఖరిగా బతికాడు. ఇప్పుడు కొత్తవి రాయడు, పాతవి చదువుతాడు. కాగితం తొడ మీద కాదు, పలక మీద పరిచాడు. చీపురుపుల్ల ఒకటి తీసి పంక్తి కింద ఆనించి, దాన్ని జరుపుకుంటూ చదివాడు. ఒకచోట పుల్ల ఆగింది.

"అధికారి అని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఫ్రేములో రాశారు బాబాయిగారూ."

"ఇది ఆబ్కారీ. ఆబ్కారీ కంట్రాక్టరు. మీవాడు కల్లు పాట పాడినవాడు."

'బ'కి కింద తగిలిన 'క'ని 'ధి' అనుకుంటే, ఆ తర్వాతదంతా అధికారిలా కనిపించడంలో వింత లేదని ఆయనే చూపించాడు. ఆబ్ అంటే పారసీలో నీళ్లు, నీళ్ల వ్యవహారం కాబట్టి ఆబ్కారీ అని చెప్పి నవ్వాడు. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద కల్లు అంగళ్లు వేలం వేసేవారట. ఎక్కువ పాడినవాడికి అంగడి. గీసే చెట్టుకి పన్ను వేరే. మావాడు ఆ పాట డిపాజిట్టు కోసం మూడెకరాలు తనఖా పెట్టాడు. 412-8-0 ఆ తనఖా సొమ్ము.

మూడో కాగితం 1949 నాటి అమ్మకం. అదే మూడెకరాలు. పెద్దాయన రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి, "1948 అక్టోబరు 2కి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చేసిందమ్మా" అన్నాడు. అది గాంధీ జయంతి. నాన్నమ్మ అబద్ధం చెప్పలేదు. మేమే తప్పుగా విన్నాం. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కూడా ఆ నిషేధం గొడవే 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వాన్ని ఒక్క ఓటు తేడాతో పడగొట్టిందని ఆయన అరగంట చెప్పాడు. అదంతా నా 600లోదే.

నాకు బాగా నచ్చింది చెక్కుబంది చదివిన తీరు. "తూర్పు డొంక, దక్షిణం తాడితోపు, పడమర నల్లపాడు పోయే బండ్లబాట, ఉత్తరం నా పాట తాలూకు కల్లుపాక." ఈ నాలుగు హద్దులూ తెల్లకాగితం మీద గీసి, సర్వే నంబరు పక్కన రాసి చేతిలో పెట్టాడు. మర్నాడు మా అబ్బాయి బండి మీద వెళ్లాం. డొంక ఇప్పుడు సిమెంటు రోడ్డు. తాడితోపు లేదు, ఒక చెట్టు మాత్రం అపార్టుమెంటు గోడలోంచి వంగి ఉంది. కల్లుపాక ఉండాల్సిన చోట కర్రీ పాయింటు ఉంది. పావుకిలో దొండకాయ వేపుడు కొన్నాను. ఉప్పెక్కువ.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పెద్దాయన పైకి చదువుతాడు. కొట్టులో జెరాక్స్ కోసం నిలబడ్డ పదిమందికీ మా ముత్తాత కల్లు వ్యాపారం తెలిసిపోయింది. ఒకాయన "ఏ ఊరమ్మా?" అని వివరాలు కూడా అడిగాడు. ఆయన ఇంగ్లీషులో రాసివ్వడు, కాబట్టి అమెరికా పిల్లలకి పంపాలంటే మళ్లీ మనమే రాసుకోవాలి. చెద తిన్నచోట ఊహించి చెప్పమంటే చెప్పడు. రెండో కాగితంలో సగం అలాగే ఉండిపోయింది. నాకు అదే నమ్మకం కలిగించింది, కానీ మా అబ్బాయికి డబ్బు దండగ అనిపించింది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. పేజీకి 100, శుభ్రంగా తిరగరాసిస్తే పేజీకి 200. నావి మూడు పేజీలే, మూడూ రాయించుకున్నాను. మూఢం రోజుల్లోనో అమావాస్య నాడో వెళ్లండి, రిజిస్ట్రేషన్లు పల్చగా ఉంటాయి, ఆయనకి తీరిక. ఇంకా పాతవి వెతకాలనుకుంటే దారి కూడా చెప్తాడు. ఆన్‌లైన్ ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువాటికి ఆఫీసులో అర్జీ పెట్టి ఇండెక్సు వెతికించాలి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తులతో ఉంటుంది. సర్వే నంబరు లేనివాళ్లు ఒకటోదే అడగాలి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు విడి జిల్లా కాదు, కృష్ణా జిల్లాలోది, కాగితాల మీద ఆ పేరు చూసి మనది కాదని పక్కన పెట్టొద్దన్నాడు. ఈ సంగతులు ఏడున్నర వేలు తీసుకున్నవాళ్లు చెప్పలేదు.

గ్రూపులో నిజం పెట్టాను. దండాలు రాలేదు. వదిన "పిల్లకి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు ఇదంతా అవసరమా" అని విడిగా మెసేజ్ పెట్టింది. ఫ్రేము అన్నయ్య హాల్లో ఇంకా అలాగే ఉంది, అధికారిగారితో సహా. మొన్న రాత్రి మాత్రం అన్నయ్య ఫోన్ చేసి, గొంతు తగ్గించి, అమ్మ వైపు తాతగారి కాగితాలు కూడా రెండున్నాయి, ఆ పెద్దాయన ఆదివారం ఉంటాడా అని అడిగాడు.

ఉండడు. సోమవారం నుంచి శనివారం, పదిన్నర నుంచి ఒంటిగంట వరకే.