పిల్లల ఇంటర్నెట్ ఫిల్టర్: నాలుగేళ్ల వాడకంలో వారపు నివేదిక నేర్పిన పాఠం

నేను ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతూ కంప్యూటర్ ల్యాబు బాధ్యత కూడా చూస్తున్నాను. ల్యాబులోని 20 కంప్యూటర్లకూ, మా ఇంట్లో పిల్లలు వాడే ల్యాప్‌టాప్‌కూ ఏడాది చందా కట్టి ఒకే ఫిల్టర్ యాప్‌ను 4 ఏళ్లుగా వాడుతున్నాను. దాన్ని ఎలా పెట్టుకోవాలో, ఏయే వర్గాల సైట్లను ఆపుతుందో అందరికీ తెలిసినదే కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. నేను చెప్పదలచుకున్నదల్లా ప్రతి ఆదివారం ఉదయం తల్లిదండ్రుల మెయిల్‌కు వచ్చే వారపు నివేదిక గురించి. దాని మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు.

మా పాప పదో తరగతిలో ఉండగా, జనవరిలో ఒక ఆదివారం వచ్చిన నివేదికలో 'పెద్దలకు మాత్రమే: 9 ప్రయత్నాలు' అని ఎర్ర అక్షరాలతో ఉంది. వర్గం పేరు, అంకె తప్ప ఏ మాట టైపు చేస్తే ఆగిందో అందులో ఉండదు. నేను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ల్యాప్‌టాప్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను, తండ్రి అనకూడని మాటలు కూడా కొన్ని అన్నాను. "నేనేం చూడలేదు నాన్నా" అని అది ఏడుస్తూ చెబుతున్నా వినిపించుకోలేదు. మూడో రోజు రాత్రి నా భార్య దాని జీవశాస్త్రం రికార్డు తెచ్చి నా ముందు పెట్టింది. ఎడమ పేజీలో ఉమ్మెత్త పువ్వు నిలువుకోత బొమ్మ, కీలాగ్రం, కీలం, అండాశయం అని పెన్సిలుతో గుర్తించిన గీతలు. కుడి పేజీలో 'పరాగనాళం' అన్న శీర్షిక మాత్రమే ఉంది, బొమ్మ లేదు. "నెట్‌లో చూసి వేద్దామనుకుందట, రాలేదట" అంది.

అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి బ్రౌజర్ హిస్టరీ చూశాను. 'సెక్సువల్ రీప్రొడక్షన్ ఇన్ ఫ్లవరింగ్ ప్లాంట్స్' అన్న ఒకే మాటను కొద్దికొద్ది మార్పులతో 9 సార్లు వెతికింది, అంతే. పూల మొక్కల లైంగిక ప్రత్యుత్పత్తి పదో తరగతి పాఠ్యాంశం. పాపను లేపి క్షమాపణ అడిగాను. "సైటును ఆపేశామంటూ ఎర్ర పేజీ వచ్చినప్పుడల్లా నేనే ఏదో తప్పు టైపు చేశాననుకున్నా నాన్నా, అందుకే మళ్లీ మళ్లీ కొట్టాను" అంది. ఆ తొమ్మిది ప్రయత్నాల లెక్క అదీ.

నన్ను ఇంకా బాధపెట్టేది, ఈ సంగతి నాకు ముందే తెలియవలసి ఉండటం. అంతకు ఏడాది ముందే మా బడి జీవశాస్త్రం మేడమ్ "సార్, పువ్వుల పాఠం కూడా రానివ్వడం లేదు మీ ఫిల్టరు" అని ఫిర్యాదు చేస్తే, ఆ ఒక్క సైటును అనుమతి జాబితాలో చేర్చి మరచిపోయాను. ఆవిడ పెద్దది కనుక వచ్చి అడగగలిగింది. పిల్లలు అలా అడగరు, ఎర్ర పేజీని చూసి భయపడి బ్రౌజర్ మూసేస్తారు.

ఆ రాత్రే మరో పరీక్ష చేశాను. అదే విషయాన్ని తెలుగు లిపిలో 'లైంగిక ప్రత్యుత్పత్తి' అని టైపు చేస్తే ఏ అడ్డూ లేకుండా పేజీలన్నీ వచ్చాయి. సంతోషించేలోపే, తెలుగు లిపిలో రాసిన నాలుగైదు బూతు మాటలు కొట్టి చూస్తే అవీ అలాగే వచ్చేశాయి. అంటే ఈ యాప్ పట్టుకునే మాటల జాబితాలో తెలుగు లేదు. ఇంగ్లిషులో చదువుకుంటున్న పిల్లను ఆపి, తెలుగులో చెత్త వెతికేవాడిని వదిలేసే కాపలా ఇది. రెండేళ్ల కిందట తోటి ఉపాధ్యాయులకు దీన్ని నిశ్చింతగా పెట్టుకోమని చెప్పాను. ఆటల మధ్య వచ్చే చెడు ప్రకటనలను, పొరపాటున తెరుచుకునే అశ్లీల సైట్లను ఆపడంలో ఇప్పటికీ బాగానే పనిచేస్తోంది కానీ, 'నిశ్చింతగా' అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

అమెరికాలో 2000లో వచ్చిన 'చిల్డ్రన్స్ ఇంటర్నెట్ ప్రొటెక్షన్ యాక్ట్' ప్రకారం, ఇంటర్నెట్ ఖర్చుకు ప్రభుత్వ రాయితీ తీసుకునే బడులు, గ్రంథాలయాలు ఫిల్టర్ పెట్టి తీరాలి. దాన్ని 2003లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు, పొరపాటున ఆగిన సైటును తెరవమని పెద్దవాళ్లు గ్రంథాలయ సిబ్బందిని అడిగే వీలుందన్న సంగతిని ముఖ్యంగా లెక్కలోకి తీసుకుంది. నేను వాడే యాప్‌లో లోపించినది సరిగ్గా అదే. ఎర్ర పేజీ మీద 'ఇది నా పాఠం, తెరవండి' అని పిల్లలు నొక్కే మీట ఒక్కటి ఉంటే, ఆదివారం నాకు వచ్చేది ఆరోపణ కాకుండా నా కూతురి విన్నపం అయ్యేది. కంపెనీకి రెండుసార్లు రాశాను, పరిశీలిస్తామన్న జవాబు తప్ప మరేమీ రాలేదు.

ఇప్పుడు నివేదికను పూర్తిగా ఆపేశాను. పాప ఇంటర్‌లో బైపీసీ తీసుకుంది, ఆ మాటలతో దానికి రోజూ పని ఉంటుంది కనుక దాని ల్యాప్‌టాప్‌లోంచి యాప్‌నే తీసేసి, రూటరులో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వారు 2020లో ఉచితంగా తెచ్చిన 1.1.1.3 డీఎన్‌ఎస్ (సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే సేవ) పెట్టాను. అది సైటు పేరు చూసి ఆపుతుందే తప్ప పిల్లలు టైపు చేసే మాటల జోలికి పోదు. అయితే ఒకే పెద్ద సైటులోని మంచిచెడ్డలను ఈ పద్ధతి విడదీయలేదు, మొబైల్ డేటాకు మారితే రూటరు అమరిక వర్తించదు. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' దగ్గర అదే సేవ పేరు విడిగా పెట్టుకోవాలి.

మూడో తరగతి చదివే బాబు వాడే ట్యాబ్‌లో పాత యాప్ ఇంకా ఉంది, వాడి వయసుకు అది అవసరమనే అనుకుంటున్నాను. జూన్‌లో ఇంటి చందా తీరుతుంది, వాడి ఒక్కడి కోసం మరో ఏడాది కట్టవచ్చు. టీనేజీ పిల్లలున్న ఇల్లయితే, యాప్ పెట్టుకున్నా నివేదికను మాత్రం మొదటి రోజే ఆపుకోమంటాను.